రోగపు మడి గింజలు

మా అవ్వ విత్తనం ఏరే పద్ధతి ముందు చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మాది చిట్యాల మండలంలో ఒక చిన్న ఊరు. మా చెలక పైనుంచి కిందికి వాలుగా ఉంటుంది. పై కొసన బావి, కింది కొసన వాగు, నడుమంతా పత్తి. కంది మాత్రం రెండు చోట్ల వేసేవాళ్లం. బావి పక్కన ఆరు సాళ్లు, వాగు ఒడ్డున ఇరవై గుంటల, అంటే అర ఎకరం మడి. కాయ ముదిరి గలగలమనే రోజుల్లో అవ్వ, అంటే మా అమ్మ, కొంగు నడుముకు దోపుకుని బావి కాడికి పోయేది. ఒక్కో చెట్టునూ పైనుంచి కిందికి చూసేది. కొమ్మలు బాగా పరుచుకుని కాయ నిండుగా ఉన్న చెట్లవే తెంపి ఒడిలో వేసుకునేది. ఇంటికి తెచ్చి గింజ కొట్టి, ఎర్రమట్టి నీళ్లతో కలిపి గింజలకు పట్టించి, నాలుగు ఎండలు ఎండబెట్టి, వేపాకు వేసిన కుండలో పోసి, మూత చుట్టూ పేడ మెత్తేది. ఆ కుండ మళ్లీ తొలకరికే తెరుచుకునేది.

ఆ కంది అవ్వ పుట్టింటిది, డోర్నకల్ దిక్కుది. చిన్న గింజ, ఎర్రగా, కన్ను దగ్గర నల్ల చుక్క. ఆ పప్పు తొందరగా ఉడుకుతుంది, ఉడికేటప్పుడు వాసన వాకిలి దాకా వస్తుంది. దుకాణంలో పప్పు కొన్న సంగతి నాకు గుర్తులేదు. అవ్వ పెళ్లయినప్పటి నుంచి ఆ కుండ ఒక్క యేడు కూడా ఖాళీగా లేదు.

వాగు మడిలో పండిన కంది మాత్రం మొత్తం తిండికే పోయేది. అందులోంచి ఒక్క గింజ కూడా కుండలోకి పోయేది కాదు. ఆ మడికి రోగముంది. రోగమున్న తావు గింజ విత్తనానికి పనికిరాదని అవ్వ నియమం. అందులో తప్పేమిటో చాలా కాలం నాకూ కనిపించలేదు. ఊళ్లో ఎవరింట్లో చూసినా అదే పద్ధతి. మంచి చోటు నుంచి మంచి గింజ ఏరుకుంటారు. అంతకంటే న్యాయమైన మాట ఏముంటుంది?

ఆ రోగాన్ని ఎండు తెగులు అంటారు. మొదటి యేడు మడి నడుమ నాలుగైదు మొక్కలు తల వాల్చాయి. వానలు బాగా పడ్డ యేడే, నేల తడిగా ఉండగానే, నీళ్లు దొరకనట్టు వాడిపోయాయి. ఆకులు పసుపు పచ్చబడి, రాలకుండా అట్లాగే వేలాడి, మొక్క నిలబడే ఎండిపోయింది. మరుసటి యేడు అదే చోట ఇంకొన్ని. ఆ తర్వాత నీళ్లలో నూనె చుక్క పరుచుకున్నట్టు ఆ మచ్చ పెరుగుతూ పోయింది. నేను జనగామలో డిగ్రీలో చేరిన నాటికి మడి నడుమ నాలుగు గుంటల జాగాలో నిలబడ్డ మొక్క కంటే ఎండిన మొక్కే ఎక్కువ.

బాపు చేతనైనవన్నీ చేశాడు. మందు కలిపి మొదళ్లలో పోశాడు. బూడిద చల్లాడు. మొక్కలు తల వాల్చినప్పుడల్లా వాగులో మోటరు పెట్టి నీళ్లు పారించాడు.

ఆ నీళ్ల సంగతి నాకు ముందే తెలుసు. డోర్నకల్ దగ్గర మా మేనమామ మిరప వేస్తాడు. రైల్వేలో పని చేసుకుంటూ పొద్దున, మాపటి వేళ తోట చూసుకునే మనిషి. నేను ఇంటర్ పరీక్షలు రాసి వాళ్లింటికి పోయినప్పుడు ఆయన తోటలో ఇట్లాంటి తెగులే వచ్చింది. రెండు చెట్లు వాడిపోతే దాహమనుకుని కాలువ తిప్పాడట. వారం తిరిగేసరికి ఆ నీళ్లు పారిన సాలు పొడుగునా చెట్లు వాలిపోయాయి. మామ ఆ సాలు గట్టున కూర్చుని, తన చేత్తో తానే రోగాన్ని ఇంటింటికీ పంచినట్టయిందని అన్నాడు. ఆ మాట ఆ రోజే డైరీలో రాసుకున్నాను. మా బాపు వాగు మడికి నీళ్లు పెడుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. ఇంట్లో అన్నం తింటున్నప్పుడు చెబుదామనుకున్నాను. బాపుకు వ్యవసాయం నేను చెప్పడమేమిటి అనిపించింది. ఆ రాత్రి చెప్పలేదని కూడా డైరీలోనే రాశాను. ఇట్లాంటి పేజీలు నా దగ్గర చాలా ఉన్నాయి.

నేను డిగ్రీ చివరి యేడులో ఉన్నప్పుడు, వానాకాలం పంట వేసేముందు బాపు తన మాట చెప్పేశాడు. నేను సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. ముగ్గురం వాకిట్లో కూర్చున్నాం.

"ఇదే ఆఖరు. గా మడ్ల కంది ఇగ బతుకది. గీ యేడు గూడ గిట్లనే పోతే, వచ్చే యేడు బావి కాడ, వాగు కాడ అంతా పత్తే. పప్పు దుకాణంల దొర్కుతది."

బావి కాడి ఆరు సాళ్ల కోసం వేరే దున్నకం, వేరే మందు ఎందుకన్నది ఆయన లెక్క. అందులోనూ న్యాయముంది. అవ్వ లేచి లోపలికి పోయి, అటక మీది కుండ దించి, దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచి, మళ్లీ పైన పెట్టింది. నేను చూసింది అంతే. కానీ ఆ కుండ ఖాళీ కాకూడదని ఆ నిమిషంలోనే గట్టిగా అనుకున్నాను. ఎట్లాగో మాత్రం తెలియదు.

జనగామలో మా హాస్టల్ నుంచి రైలు కూత వినిపించేది. రోజూ హైదరాబాదుకు పోయి వచ్చేవాళ్లు సాయంత్రం స్టేషన్ నుంచి గుంపుగా బయటికి వచ్చే సమయానికి నేను లైబ్రరీ నుంచి బయటికి వచ్చేదాన్ని. నాకు వృక్షశాస్త్రం ఇష్టం. కానీ తరగతిలో లేచి ప్రశ్న అడగడం నా వల్ల కాదు. మాకు ఆ పాఠం చెప్పే మేడం అది గమనించారేమో, ఒకసారి నా ప్రాక్టికల్ రికార్డు దిద్దుతూ మార్జిన్‌లో, సందేహాలుంటే ఇక్కడ రాయమని పెన్సిల్‌తో రాశారు. అప్పటి నుంచి నేను బొమ్మల కింద చిన్న అక్షరాలతో ప్రశ్నలు రాసేదాన్ని, ఆమె పక్కనే జవాబు రాసేవారు. ఎదురుపడితే ఇద్దరం తల ఊపుకునేవాళ్లం, అంతే.

మా మడి సంగతి అట్లాగే రాశాను. జవాబు రెండు పేజీల మార్జిన్లు నిండింది. ఆ తెగులు నేలలో ఉండే ఒక శిలీంధ్రం, అంటే బూజు జాతిది. మొక్క లేకపోయినా యేళ్ల తరబడి మట్టిలో కాచుకుని ఉంటుంది. వేరు కొస దగ్గర చిన్న గాటు దొరికితే లోపలికి పోతుంది. అక్కడి నుంచి మొక్క నీళ్లు పైకి తీసుకుపోయే సన్నని గొట్టాల్లోకి ఎక్కుతుంది. మొక్క ఊరికే చూస్తూ ఉండదు. ఆ గొట్టం పక్కనున్న కణాలు బుడగల్లా ఉబ్బి గొట్టంలోకి చొచ్చుకువచ్చి దారి మూసేస్తాయి. చుట్టూ జిగురు పేరుకుంటుంది. గోడలు కర్రలా గట్టిపడతాయి. బూజుకు విషమయ్యే రసాలు కొన్ని అప్పటికప్పుడు తయారవుతాయి.

నేను కింద రాశాను: అంత చేసి కూడా ఎందుకు చస్తుంది?

మేడం రాశారు: మూయడంలో ఆలస్యమైతే బూజు ముందుకు పోతుంది. అప్పుడు మొక్క భయపడ్డట్టు ఉన్న గొట్టాలన్నీ మూసుకుంటూ పోతుంది. చివరికి బూజు చేసిన పని కొంత, తాను మూసుకున్నది కొంత, రెండూ కలిసి ఆకుకు నీళ్లు అందవు. తట్టుకునే మొక్క తొందరగా, కింద వేరు దగ్గరే, రెండు మూడు గొట్టాలు మాత్రం మూసి మిగతావి తెరిచి ఉంచుతుంది.

ఆ వాక్యం కింద నేను గీత గీసుకున్నాను. దాని కింద మేడం ఒక ప్రశ్న రాసి ఉంచారు: మీ మడిలో ఎండిన వాటి నడుమ బతికి ఉన్న మొక్కలు ఉన్నాయా? ఉంటే వాటి వేరు ఎప్పుడైనా చీల్చి చూశావా?

ఆ శనివారం బస్సులో హనుమకొండ వచ్చి, అక్కడ మారి ఇంటికి పోయాను. బట్టలు కూడా మార్చుకోకుండా వాగు మడికి నడిచాను. అవును, ఉన్నాయి. మడి నడుమ రోగపు జాగాలో, ఎండిపోయి నల్లబడ్డ మొక్కల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పచ్చగా నిలబడి ఉన్నాయి. గొప్ప మొక్కలేం కావు. బావి కాడి వాటి పక్కన పెడితే అవ్వ కన్నెత్తి కూడా చూడదు. లెక్కపెట్టాను, పదిహేడు.

అప్పుడే మా తప్పు నాకు కనిపించింది. బావి కాడికి ఆ బూజు ఎప్పుడూ రాలేదు. అక్కడి చెట్లు బాగున్నాయంటే వాటికి పరీక్షే జరగలేదన్న మాట. ఇన్నేళ్లూ పరీక్ష రాయని చెట్ల గింజ ఏరి దాచి, దాన్నే తెచ్చి ఈ మడిలో చల్లుతున్నాం. పరీక్షలో నిలబడ్డ గింజనేమో పప్పు వండుకుని తింటున్నాం.

పదిహేడు మొక్కలనూ గింజ దాకా కాపాడాలి. వేరు చీల్చి చూస్తే మొక్క చస్తుంది కాబట్టి మేడం ప్రశ్నకు జవాబు ఇవ్వలేను. అవ్వ పాత పసుపు చీర ఒకటి చింపి, పీలికలు చేసి, ఒక్కో మొక్కకు నడుమ దగ్గర వదులుగా కట్టాను. కలిపి తిండికి కొట్టెయ్యకుండా గుర్తు ఉంటుందని. అవ్వతో, బాపుతో చెబుదామనుకున్నాను. పంట చేతికొచ్చే ముందు చెప్పొచ్చులే అనుకుని జనగామ బస్సెక్కాను.

రెండు వారాల తర్వాత, బతుకమ్మ సెలవులకు నేను ఇంటికి వచ్చిన మరునాడు, చెలకలో కలుపు తీస్తున్నారు. ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. మా వాడలో ఒక చిన్నమ్మ ఉంది. చుట్టమేమీ కాదు, వరుసకు అట్లా పిలుస్తాను. ఆమె తన జట్టు ఆడవాళ్లను ఆరుగురిని తీసుకుని వచ్చింది. నేను చాయ క్యాను, గ్లాసులు పట్టుకుని చెలకకు పోయాను. వాగు గట్టు మీద మొక్కలు కుప్పగా పడి ఉన్నాయి. వేళ్లకు మట్టి తడిగా ఉంది. ప్రతి మొక్కకూ పసుపు పీలిక.

వాళ్లను తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా దిక్కు ఈ ఆడవాళ్లంతా వరి విత్తనం పండించే పొలాల్లో కూడా పనికి పోతారు. అక్కడ వేరే రకం మొక్కలు కలిసిపోతే వాటిని కేళీలు అంటారు. కంపెనీ సూపర్‌వైజరు ముందు నడుస్తూ కేళీకి గుడ్డపీలిక కడతాడు, వెనక వచ్చే ఆడవాళ్లు పీలిక ఉన్నదాన్ని పీకి గట్టున వేస్తారు. పీలిక అంటే పీకెయ్యమని అర్థం. ఆ పనిలో ఏళ్లు గడిచిన చేతులవి. చెప్పకపోయినా, కూలి అడగకపోయినా, మా మడిలో కేళీలు కూడా తీసి పెడుతున్నారు. మాకు మేలు చేస్తున్నారు.

గట్టు మీద తొమ్మిది. చిన్నమ్మ పదో దాని మీద రెండు చేతులు వేసి వంగి ఉంది.

నాకు గొంతు రాలేదు. అరవాలని తెలుసు, నోరు తెరిచాను కూడా. క్యాను కింద పెట్టి, కలుపు తీసిన సాళ్లలో కాళ్లు దిగబడుతుంటే పరుగెత్తి, ఆమె చేతుల మీద నా చేతులు వేశాను.

"ఇది వద్దు చిన్నమ్మా."

ఆమె నడుము నిటారు చేసి నా ముఖంలోకి చూసింది. "వద్దేంది? పీలిక గట్టిందెవలు?"

"నేనే."

"నువ్వే గట్టి, నువ్వే వద్దంటవేంది?"

విషయం చెప్పాను. బతికినవి ఇవేనని, విత్తనానికి గుర్తు పెట్టుకున్నానని. నా గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే వెనక సాలులో ఉన్నవాళ్లు దగ్గరికి వచ్చి వినాల్సి వచ్చింది. అందరూ గట్టు దిక్కు చూశారు. ఆ తర్వాత చిన్నమ్మకు కోపం వచ్చింది. నా మీద కోపమా, తన చేతుల మీద కోపమా నాకు తెలియలేదు.

"కాలేజీల సదివి కంది చెట్లకు రిబ్బన్లు గట్టుడు నేర్సినవ్ గని, గిట్ల గట్టిన అని ఒక్క మాట చెప్పుడు నేర్వకపోతివి. నిన్నటి సంది మీ ఇంటి ముందటికెల్లే పోతానం గదనే. నోట్లె నీళ్లు పోసుకున్నట్టు నిలబడ్తివి."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. అంత కోపంలోనూ ఆమె పీకిన తొమ్మిదింటినీ మళ్లీ గుంతలు తీసి నాటించింది. నీళ్లు తెచ్చి పోసింది. పెద్ద మొక్కలు, మొదలు కర్రబారినవి. సాయంత్రానికే తల వాల్చాయి.

మరునాడు వాటిని మళ్లీ పీకి, కడిగి, చాపలో కట్టుకుని ఇంటికి తెచ్చాను. వంటింట్లో కత్తిపీట ముందు వేసుకుని కూర్చున్నాను. ఎట్లాగూ చచ్చినవే, మేడం ప్రశ్నకైనా జవాబు చూద్దామనుకున్నాను. ముందుగా పోలిక కోసం తెగులుతో ఎండిన మొక్క ఒకటి నిలువుగా చీల్చాను. బెరడు కింద కర్ర మీద నల్లని చార. వేరు కొస నుంచి మొదలై కాండం పొడుగునా పైకి పోయింది, ఎక్కడా ఆగలేదు.

తర్వాత పసుపు పీలిక మొక్క. వేరు దగ్గర అదే నల్ల చార ఉంది. బెత్తెడు పైకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆ పైన కర్ర తెల్లగా, తడిగా, శుభ్రంగా ఉంది.

రెండోది చీల్చాను. అట్లాగే. మూడోదానిలో ఇంకా కిందే ఆగింది. మొత్తం తొమ్మిదింటిలో ఆరు అట్లా ఉన్నాయి. రెండింటిలో చారే లేదు. వాటికి బూజు తగలనే లేదు, ఊరికే అదృష్టం. ఒకదానిలో చార పైదాకా పోయింది, ఇంకో వారంలో అది ఎండిపోయేదే.

అవ్వ ఉల్లిగడ్డల కోసం వంటింట్లోకి వచ్చి, నా పక్కన కింద కూర్చుంది. చీల్చిన వేళ్లను ఒక్కోటి తీసి వెలుగులో పట్టుకుని చూసింది. విత్తనం ఏరేటప్పుడు చూసే చూపే అది.

"గీ నల్లది గిక్కడ ఆగిందేంది?"

"చెట్టే ఆపింది అవ్వా. రోగం లోపటికి రాంగనే దర్వాజ పెట్టుకున్నది."

"మరి సచ్చినయి? గవి పెట్టలేదా?"

"పెట్టినయి. ఆలస్యంగ పెట్టినయి. తర్వాత బుగులుకు అన్ని దర్వాజలు ఒక్కపారి పెట్టుకున్నయి. ఇగ నీళ్లు గూడ రాలే."

అవ్వ ఎండిన మొక్క వేరును ఒక చేత, ఆగిన వేరును ఒక చేత పట్టుకుని పక్కపక్కన పెట్టి చూసింది. బావి కాడి చెట్లలో ఏ చెట్టుకు దర్వాజ ఉందో ఏ చెట్టుకు లేదో మనకు ఎట్లా తెలుస్తుందని అడిగింది. తెలియదన్నాను. ఇన్నేళ్లు తాను ఏరిందంతా ఉత్తదేనా అని అడిగింది. అట్లా కాదన్నాను. ఈ పదిహేడు కూడా ఆమె కుండలోంచి వచ్చినవే, ఆమె దాచిన గింజలోనే ఆ గుణం ఎక్కడో ఉంది, ఏరే చోటు మాత్రమే మారాలి అన్నాను. ఒక్కసారి కూర్చుని నేను ఇంట్లో అన్ని మాటలు మాట్లాడిన గుర్తు లేదు.

బాపు వచ్చేసరికి ఆ వేళ్లు వాకిట్లో వరుసగా పెట్టి ఉంచాను. కాళ్లు కడుక్కుని వచ్చి చూశాడు. చెప్పింది విన్నాడు. నీళ్లు పారించిన సంగతి కూడా చెప్పాను, మామ తోటలో జరిగిందీ చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాడనుకున్నాను. అడగలేదు, కానీ ముఖం నల్లబడింది. అప్పుడు నేను అడగాలనుకున్నది అడిగాను.

"బాపు, వచ్చే యేడు గా మడి నడుమ నాలుగు గుంటలు నాకియ్యి."

"నీకిచ్చుడేంది? గది రోగపు జాగ. కంది కావాల్నంటే బావి కాడ ఏస్కో."

"రోగపు జాగనే కావాలె."

బాపు అవ్వ దిక్కు చూశాడు. అవ్వ ఉల్లిగడ్డ తరుగుతూ తల ఎత్తకుండానే, "అడిగింది గదా, ఇయ్యి" అంది.

ఒక్క యేడు అన్నాడు బాపు. చుట్టూ మాత్రం పత్తి వేస్తానన్నాడు. అది నిలబడకపోతే ఆ మరుసటి యేడు నడుమ కూడా పత్తే, బావి కాడా పత్తే, ఇక ఆ మాట ఎత్తొద్దన్నాడు. సరేనన్నాను.

మిగిలిన ఎనిమిది మొక్కల్లో ఒకటి పూత మీద ఉండగా ఎండిపోయింది. ఏడు కాయ కాశాయి. వాటి పీలికలు అట్లాగే ఉన్నాయి. చిన్నమ్మ జట్టు పత్తి ఏరడానికి వచ్చినప్పుడల్లా వాటి చుట్టూ వెడల్పుగా తిరిగి పోయేవాళ్లు, తగిలితే ఏమవుతుందోనన్నట్టు. ఆ ఏడింటి కాయలు నేనే తెంపాను. అవ్వ వాటికి వేరే చిన్న కుండ తెచ్చింది. ఎర్రమట్టి తానే పట్టించింది.

తొలకరి నాటికి నా డిగ్రీ అయిపోయి ఇంటికి వచ్చేశాను. బాపు మడికి చుట్టూ పత్తి గింజ పెట్టాడు. నడుమ నాలుగు గుంటల్లో నేను, అవ్వ కంది పెట్టాం. ఊళ్లో ఒక పెద్దాయన, కందితో జొన్న కలిపి వేస్తే తెగులు తగ్గుతుందని, తమ చిన్నప్పుడు అట్లాగే వేసేవారని చెప్పాడు. ఆ మాట నిజమని పుస్తకంలో కూడా చదివాను. జొన్న వేళ్ల నుంచి వచ్చే రసం ఆ బూజుకు పడదట. అవ్వ జొన్న చల్లుదామంది. నేను వద్దన్నాను. జొన్న వేస్తే, నిలబడ్డది జొన్న వల్లనో గింజ వల్లనో మనకు తెలియదు. ఈ ఒక్క యేడు దానికి ఎవరి సాయమూ ఉండొద్దు. నీళ్లు కూడా వాన ఇచ్చినవే. అవ్వకు అది మొండితనంగా తోచింది. మొండితనమే కావచ్చు.

కలుపు తీసే రోజు నేను చిన్నమ్మ జట్టు కంటే ముందే చెలకకు పోయి గట్టు మీద నిలబడ్డాను. వాళ్లు వచ్చాక, ముందు రోజు డైరీలో రాసి పెట్టుకున్న మాటలు మర్చిపోయి, తోచినట్టు చెప్పాను. ఈసారి పీలికలు లేవని, నడుమ జాగాలో ఎండినదైనా సరే, పచ్చనిదైనా సరే, కంది మొక్క ఒక్కటి కూడా పీకవద్దని, ఎండినవి నేను లెక్కపెట్టుకుని తీసి కాల్చేస్తానని. నా గొంతు చివరి సాలు దాకా వినిపించింది.

"ఇగో, మాట్లాడ్తాంది" అంది చిన్నమ్మ తన జట్టుతో. "పోయినేడు గింత గొంతు ఎక్కడ దాసుకున్నదో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎండడం మొదలైంది. ముందు మూడు, తర్వాత పది, తర్వాత వరుసగా. ఒక దశలో ఈ యేడూ అంతేనేమో అనిపించింది. రోజూ పొద్దున పోయి లెక్కపెట్టి రాసుకున్నాను. చచ్చినదాన్ని తీసి చీల్చి, చార ఎంత ఎత్తు పోయిందో వేలితో కొలిచాను. కందిపూలకు తేనెటీగలు వస్తాయి, తల్లి తెలుసు గానీ తండ్రి ఏ చెట్టో తెలియదు కాబట్టి పిల్ల మొక్కలన్నిటికీ తల్లి గుణం రాదని మేడం ముందే రాసి ఉంచారు. అందుకే పోయినవాటిని చూసి కాకుండా, ఆగినవాటిని చూసి నిలబడాలని నాకు నేను చెప్పుకున్నాను. పూత వచ్చింది. ఎండడం తగ్గింది. కాయ పడింది. పది మొక్కలు పెట్టిన చోట ఆరు నిలబడ్డాయి. అంతకు ముందు యేడు అదే మట్టిలో వందల మొక్కలు పెడితే నిలబడ్డవి మొత్తం పదిహేడు.

పంట చేతికొచ్చిన రోజుల్లో ఒక పొద్దున అవ్వ కొంగు నడుముకు దోపుకుని బయలుదేరింది. బావి దిక్కు పోతుందనుకున్నాను. వాగు దిక్కు తిరిగింది. నేను వెనక పోలేదు. మధ్యాహ్నం ఒడి నిండా తెచ్చి చాటలో పోసింది. కాయలు బావి కాడివాటంత పొడుగు లేవు. ఒక కాయ వలిచి గింజ నోట్లో వేసుకుని కొరికి, "అదే రుచి" అంది.

బాపు మంచిదని గానీ చెడ్డదని గానీ అనలేదు. ఆయన నోటి నుంచి ఏదో వస్తుందని ఎండాకాలమంతా ఎదురుచూశాను. నేను ఇంకా ఇంట్లోనే ఉన్నాను. ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఈ జూన్ మొదట్లో బాపు చిట్యాల పోయి పత్తి విత్తనం తెచ్చి, సంచి నా ముందు పెట్టి, ప్యాకెట్లు లెక్కపెట్టి అల్మారాలో పెట్టమన్నాడు. లెక్కపెట్టాను. పోయిన యేడు కంటే ఒకటి తక్కువ. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ లెక్కపెట్టాను. వాగు మడికి సరిపోయే ప్యాకెట్టు అందులో లేదు.

"ఒకటి తక్కువున్నది బాపు."

ఆయన చెప్పులు విప్పుతూ, "గా మడి మీ ఇద్దరిది గదా" అన్నాడు.

అవ్వ అప్పటికే అటక మీది కుండకు చేయి చాపింది. పేడ మూత పగలగొట్టడానికి కత్తి తేవాలని నేను వంటింట్లోకి పోయాను. ఇరవై గుంటలు పెట్టాలి. ఈసారి కూడా జొన్న కలపను, ఇంకో యేడు దాకా. ఎండినవి ఎన్నో, చార ఎక్కడ ఆగిందో రాసుకోవడానికి కొత్త నోటు పుస్తకం కూడా కొని పెట్టుకున్నాను.